ఎగజేపిన బర్రె

ఎండుమిరపకాయలు నిప్పుల్లో మాడిన వాసన వస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పక్కింట్లో ఎవరైనా పసిపిల్లకు దిష్టి తీస్తుంటే, లేచి వెళ్లి ఆ నిప్పుల మీద చెంబెడు నీళ్లు కుమ్మరించి రావాలనిపిస్తుంది. ఒకసారి ఆ పని చేశాను కూడా. ఆ ఇంటివాళ్లు అప్పటినుంచి నాతో మాట్లాడరు. మాట్లాడకపోతే పోనీ, నాకేం పుట్టి మునగలేదు.

తాండూరులో నేను కాపురం చేస్తున్న కొత్తలో నా బిడ్డ ప్రాణం ఒక బర్రె పొదుగు మీద ఆధారపడింది. ఆ బర్రె పొదుగు నిండా పాలు పెట్టుకుని చుక్క విడవనంది. దీన్ని మావైపు ఎగజేపడం అంటారు. దూడ వచ్చి మూతితో కుమ్మితే, తెలిసిన చెయ్యి తగిలితే, బర్రె చేపుతుంది. అంటే పైనున్న పాలను చన్నుల్లోకి దించుతుంది. దాని మనసు బాగలేకపోతే అవే పాలను పైకి గుంజుకుంటుంది. లేక ఇవ్వకపోవడం కాదు, ఉండీ ఇవ్వలేకపోవడం. దాని మనసెందుకు బాగలేదో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. నా మాట వినే నాథుడు ఒక్కడు లేడు. ఇది రాస్తుంటే కూడా నా పళ్లు పటపటమంటున్నాయి.

మా పుట్టిల్లు వికారాబాదు దగ్గర, అనంతగిరి గుట్టల కింద. మావాళ్లు తరతరాలుగా గొర్లు, బర్రెలు కాచుకుని బతికారు. పోలీసు యాక్షన్ నాటికి నేను అప్పుడప్పుడే మాటలు నేర్చిన పిల్లనట. మా అమ్మ ఆ యేటి ముచ్చట ఎప్పుడూ చెప్పేది. రజాకార్లో మిలిటరీవాళ్లో ఊళ్ల మీద పడతారన్న భయంతో మందను గుట్టల్లోకి తోలుకుపోయి చెట్లల్లో దాక్కున్నారట. ఆ రోజుల్లో ఒక్క బర్రె కూడా కడుపునిండా పాలివ్వలేదట. మేత అదే, నీళ్లు అవే, పిండే చేతులు అవే. మన గుండెలు దడదడ కొట్టుకుంటుంటే పక్కనున్న పశువుకు తెలవదా అనేది అమ్మ. నేను ఆ ముచ్చట వింటూ పెరిగాను కాబట్టి అదేమంత పెద్ద సంగతి కాదనుకునేదాన్ని. అందరికీ తెలిసిందే అనుకునేదాన్ని.

తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన బిడ్డను తిరిగి అత్తగారింటికి పంపేటప్పుడు పాడిబర్రెను వెంట పంపడం మా ఇళ్లల్లో ఆనవాయితీ. నాయిన నాకిచ్చిన బర్రె ఏదో కొత్తది కాదు. దుడ్డెగా ఉన్నప్పటినుంచి నేను మేపింది, చెరువులో కడిగింది, పేరు పెట్టి పిలిస్తే తల తిప్పి చూసేది. నేను ఆడపిల్లను కన్న నెలలోనే అదీ దుడ్డెను ఈనింది. దాన్నీ దాని దుడ్డెనూ నాయిన నడిపించుకుంటూ ధారూరు, పెద్దేముల్ మీదుగా తాండూరు తెచ్చాడు. తొందరపెట్టలేదు. నీళ్లు కనిపించిన చోటల్లా పొర్లనిచ్చాడు. నేను బిడ్డనెత్తుకుని రైల్లో వచ్చాను. పగ్గం మా అత్తమ్మ చేతికిచ్చేటప్పుడు నాయిన ఒక్కటే మాట చెప్పాడు.

“దీనికి లొల్లి పడది వదినా. జర నిమ్మలంగ చూసుకోండ్రి.”

మా అత్తమ్మ అట్లనే అట్లనే అని తలూపింది. నాయిన రైలెక్కాడో లేదో, డప్పులవాళ్లను పిలిపించింది. వియ్యంకుడు పాడిబర్రెను పంపిండని వాడకంతా తెలియొద్దా మరి! బర్రె నుదుటికి పసుపు కుంకుమ, కొమ్ములకు బంతిపూలు, ముందు డప్పులు, వెనక పిల్లల గుంపు. స్టేషను గల్లీ నుంచి కూరగాయల బజారు దాకా తిప్పి తెచ్చింది. బర్రె కళ్లు పెద్దవి చేసుకుని, పలచగా పేడ వేసుకుంటూ నడిచింది. పశువు అట్లా పేడ వేస్తే భయపడిందని గొర్లకాడి పిల్లగానికి కూడా తెలుసు. మా అత్తగారివాళ్లు కూడా ఒకప్పుడు మందలు కాచినవాళ్లే. కానీ తాండూరుకొచ్చి నాపరాళ్ల పనుల్లో, రైల్వే పనుల్లో పడ్డాక ఆ తెలివి ఎక్కడో వదిలేసి వచ్చారు.

ఆ సాయంత్రమే బర్రె ఎగజేపింది. మా అత్తమ్మ గుండెలు బాదుకుంది, ఊరి కళ్లన్నీ పడ్డాయని. ఊరందరికీ చూపించిందీ ఆమే, ఊరి కళ్లు పడ్డాయని ఏడ్చిందీ ఆమే. ఇక మొదలైంది నాయనా దిష్టి! పాలు పిండబోయే ముందు కొట్టంలో నిప్పులు పెట్టడం, మిరపకాయలు వేయడం, పాత చెప్పుతో బర్రెను తల నుంచి తోక దాకా తట్టడం, చీపురు తిప్పడం, అందరూ దగ్గడం, తుమ్మడం. పొగకు బర్రె ముక్కు ఎగబీల్చి కట్టుగొయ్య చుట్టూ తిరిగేది. అప్పుడు ఈమె చెంబు పట్టుకుని కూర్చునేది. పాలెట్లా వస్తాయి? రాకపోతే దిష్టి ఇంకా పోలేదని అర్థం. కాబట్టి మరునాడు ఇంకొన్ని మిరపకాయలు. పక్కింటి పెద్దమ్మ ఒకామె, తెలుగులో కన్నడం కలిపి మాట్లాడే మనిషి, మా సేడం దిక్కు ఇట్లా చేస్తారని ఇంకో తంతు నేర్పింది. దానికి గంట కూడా కొట్టాలి.

మా ఇల్లు గూడ్సు షెడ్డుకు దగ్గర. మా ఆయన అక్కడ వ్యాగన్లకు బండలు, కందులు ఎక్కించే హమాలీల మీద మేస్త్రీ. రైలు కూతకే బర్రె బెదురుతుందని ఆయన నమ్మకం. నాకు నవ్వొచ్చింది. రైలు కూతకు అది కొద్దిరోజులు ఉలిక్కిపడి, తర్వాత చెవి కూడా కదపడం మానేసింది. రైలుకైనా ఒక టైము ఉంది, మా అత్తమ్మకు టైము లేదు. ఈ మాట పైకే అన్నాను. ఆయన తల్లి దిక్కు చూశాడు, నా దిక్కు చూశాడు, తువ్వాలు భుజాన వేసుకుని డ్యూటీకి పోయాడు. జీవితమంతా ఆ మనిషిది గోడమీద పిల్లి వాటమే.

మరి నువ్వే పోయి పిండొచ్చు కదా అంటారేమో. అక్కడే ఉంది అసలు పేచీ. నన్ను కొట్టంలోకి రానిచ్చేవాళ్లు కాదు. బిడ్డకు పాలు సరిగా పడని బాలింత నీడ పాడిపశువు మీద పడకూడదట. పడితే దానివీ ఎండిపోతాయట. నాకు పుట్టింట్లో బిడ్డ ఏడిస్తే చాలు పాలు చేపుకొచ్చి రవిక తడిసేది. తాండూరుకొచ్చాక ఏమైందో ఏమో, రొమ్ములు రాళ్లలా గట్టిపడి నొప్పిపెట్టేవి కానీ పాలు దిగేవి కావు. బిడ్డను రొమ్ముకు పెట్టుకుంటే చాలు, మా అత్తమ్మ ఎదురుగా వచ్చి కూర్చునేది. వస్తున్నాయా, మింగుతుందా, ఇటు పెట్టు, అటు తిప్పు, ఇవి రొమ్ములా రాళ్లా అనేది. ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలిచి చూపించేది. వాళ్లు తలొక మాట అనేవాళ్లు. మెంతులు తినమని ఒకరు, వెల్లుల్లి తినమని ఒకరు, తల్లి పాపం బిడ్డకు తగిలిందని ఒకరు. బిడ్డ రెండు గుక్కలు చప్పరించి, ఏమీ రాక, ఎర్రగా కంది ఏడ్చేది. నాకు కడుపులోంచి వణుకు వచ్చేది. అట్లా రోజురోజుకూ ఆ ఉన్న పాలు కూడా తగ్గుతూ వచ్చాయి.

ఇంట్లో బర్రె ఎగజేపింది. నాకు రావట్లేదు. బయట పోయించుకున్న పాలల్లో సగం నీళ్లే, ఆ నీళ్లు ఏ గుంటవో. అవి పడక పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. బుగ్గలు జారిపోయాయి. మాడు లోతుకు పోయి, చెయ్యి పెడితే గుంట తెలిసేది. దవాఖానకు తీసుకుపోతే తల్లిపాలు ఇవ్వమన్నారు. వస్తే ఇవ్వనా మొర్రో అని అక్కడే అరిచాను. పిల్ల ఏడుపు సన్నబడిపోతోంది. గట్టిగా ఏడిస్తే గుండె తరుక్కుపోతుందంటారు కానీ, పిల్ల గట్టిగా ఏడవలేకపోవడం ఉందే, అది చూసిన తల్లికి తెలుస్తుంది.

చివరికి మా ఆయన పశువుల డాక్టరును వెంటబెట్టుకొచ్చాడు. కోస్తా నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన మనిషి, ఇస్త్రీ చొక్కా, మంచి చదువు. బర్రెను దూరం నుంచి చూడగానే ఇది జబ్బు కాదన్నాడు. నేను తలుపు చాటు నుంచి విన్నాను. నా జన్మలో అంత శ్రద్ధగా ఏ హరికథా వినలేదు.

“మూత్రపిండాల మీద టోపీలు పెట్టినట్టు రెండు చిన్న గ్రంథులుంటాయమ్మా. పశువు భయపడితే అవి రక్తంలోకి ఎడ్రినలిన్ అనే రసం వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, నెత్తురంతా కాళ్లకు పోతుంది, పారిపోవాలి కదండీ! పారిపోయే జంతువు నిలబడి పాలిస్తుందా? పాలు దింపే రసం మెదడు నుంచి రావాలి. ఈ భయం రసం ఉన్నంతసేపూ దాన్ని పనిచెయ్యనివ్వదు.”

ఆ రసం కాసేపటికే పోతుందట. ఓ అరగంట దాన్ని దానిమానాన వదిలేస్తే చాలట. కానీ పొద్దూ మాపూ భయపెడుతూ ఉంటే అవే గ్రంథుల నుంచి ఇంకో రకం రసం వస్తుందట. అది నెమ్మదిది, తొందరగా పోదు, రోజుల తరబడి నెత్తురులో ఉండి ఒంట్లో కండను కరిగిస్తుందట. పొదుగులో పాలు అట్లాగే నిలిచిపోతూ ఉంటే కొన్నాళ్లకు పొదుగు పాలు తయారుచేయడమే మానుకుంటుందట. ఆ తర్వాత బ్రహ్మదేవుడు దిగివచ్చినా ఈ ఈతకు ఇక పాలుండవట. పొగ వద్దు, జనం వద్దు, అరుపులు వద్దు, దానికి తెలిసిన మనిషే పిండాలి అన్నాడు.

నా కడుపులో పాలు పోసినట్టయింది. తలుపు చాటు నుంచే, అది నేను పెంచిన బర్రె, నేను పిండుతానన్నాను. మా అత్తమ్మ వెంటనే నా పాలెండిన సంగతి, నీడ సంగతి చెప్పుకొచ్చింది. డాక్టరు గడియారం చూసుకున్నాడు. అవన్నీ మీ ఇంటి విషయాలు, మీరే చూసుకోండి అన్నాడు. ఇంతసేపు చెప్పిన శాస్త్రమంతా అక్కడే వదిలేశాడు మహానుభావుడు. ఆ తర్వాత ఏం చేశాడంటే, సూది వెయ్యడానికి బర్రెను గట్టిగా పట్టుకోమని మా ఆయన కింది హమాలీలను పిలిపించాడు. వాళ్లు మెడకు ఒకరు, తోకకు ఒకరు పట్టుకుని హైలెస్సా అన్నారు. కొట్టంలో శబ్దం చెయ్యొద్దని డాక్టరు గొంతు చించుకుని అరిచాడు. చదవేస్తే ఉన్నమతి పోయినట్టు అంటే ఇదే.

సూదికి ఆ పూట పాలు దిగాయి. పాలు దింపే రసమే ఆ సూదిలో ఉందట. మా ఇంట్లో పండగ చేసుకున్నారు. కాంపౌండరు కొద్దిరోజులు వచ్చి వేసిపోయాడు. ఆ తర్వాత బర్రె అతని సంచి చూడగానే వణకడం మొదలుపెట్టింది. సూది వేసినా అరకొరగానే ఇచ్చేది. ఒకరోజు తన్నిన తన్నుకు చెంబు గోడకు తగిలి సొట్టపోయింది. ఉన్న ఆ కాసిని పాలు నాపరాయి మీద పారాయి. మా అత్తమ్మ మళ్లీ మిరపకాయలు తీసింది.

ఆ రోజుల్లోనే మా ఆయనను ఒక మాట అడిగాను. అడగడానికి సిగ్గేసింది, అయినా అడిగాను. డాక్టరు చెప్పిన ఆ భయం రసం మనుషుల్లో కూడా ఉంటుందా అని. ఆయన పడీపడీ నవ్వాడు.

“నువ్వేమన్న బర్రెవా?”

అంతటితో అయిపోయింది. చాలా ఏళ్ల తర్వాత బాలవాడి పంతులమ్మ శిక్షణకు పోయినప్పుడు ఒక మేడమ్ బోర్డు మీద రెండు మూత్రపిండాలు గీసి, వాటి మీద టోపీలు గీసి, ఎడ్రినలిన్ గురించి చెప్పింది. మనుషులకూ, పశువులకూ, పక్షులకూ అందరికీ ఇవి ఉంటాయంది. తల్లి బెదిరితే, అవమానపడితే పాలు దిగవంది. నేను లేచి నిలబడి, ఈ పాఠం మాకెందుకు మేడమ్, అత్తలకు పెట్టండి అన్నాను. క్లాసంతా నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు. నాకు ఆ క్షణం మా ఆయన నవ్వు గుర్తొచ్చి చేతిలో పెన్సిలు విరిగిపోయింది.

సరే, తాండూరుకు వస్తాను. సూది కూడా పనిచెయ్యకపోయేసరికి, బంట్వారం నుంచి మా అత్తమ్మ తమ్ముడు దిగాడు. ఇలాంటివాటికి వాతలే మందు అన్నాడు. కొడవలి ఎర్రగా కాల్చి పొదుగు పక్కన, తొడ మీద పెడితే పాలు కిందికి దిగి తీరుతాయట. ఆయన ఊర్లో ఎన్నో పశువులకు పెట్టాడట. మరి అవి పాలిచ్చాయా అని అడిగితే, అడిగిన నాకు పెద్దంతరం చిన్నంతరం లేదన్నాడు. తెల్లారి కొట్టంలో నిప్పులు రాజేశారు. బర్రె ముందరికాళ్లకు, వెనకకాళ్లకు తాళ్లు కట్టారు. మా ఆయన ఒక తాడు పట్టుకుని ఎటో చూస్తూ నిలబడ్డాడు. వాడకట్టు వాడకట్టంతా గుమ్మంలో ఉంది.

నేను వంటింటి గుమ్మంలో, బిడ్డను భుజానేసుకుని నిలబడ్డాను. పిల్ల పొద్దున్నుంచీ ఏడవలేదు. నీళ్లు పట్టిస్తే పెదవుల పక్కనుంచి కారిపోయాయి. అవతల బర్రె గుడ్లు తెల్లగా తిప్పుతోంది. దాని తొడల మీద తోలు అలలు అలలుగా వణుకుతోంది. కొడవలి ఎర్రబడింది. నాకేమైందో నాకు తెలియదు. బాలింతనని, కోడలినని, ఎదుట ఉన్నది మా ఆయన మేనమామ, పెద్దమనిషని, ఏదీ గుర్తులేదు. నేరుగా కొట్టంలోకి నడిచి, కుడితి గోలెంలో కుండ ముంచి, ఆ కుడితంతా నిప్పుల మీద కుమ్మరించాను. బుస్సుమని ఆవిరి లేచింది.

“దాన్ని ముట్టిండ్రంటే ఆ కొడవలితోనే మీకు వాతలు పెడత. అందరు బయటికి నడువుండ్రి.”

మా అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. “నీ నీడ పడితే ఉన్నయి గూడ ఎండుతయే!”

“ఉన్నయెక్కడున్నయి అత్తమ్మా? పడనియ్యి. ఇంకెండడానికి ఏమున్నది, నా బిడ్డ తప్ప?”

 మా అత్తమ్మ కళ్లు పిల్ల మీద పడ్డాయి. అప్పటిదాకా పొదుగునూ రొమ్మునూ చూసిందే కానీ, పిల్ల మొఖం ఎన్నడు చూసిందో ఏమో. ముందు మా ఆయన తాడు వదిలేశాడు. జన్మలో ఆయన చేసిన ఒక మంచిపని అది. తర్వాత ఒక్కొక్కరే కదిలారు. మేనమామ సణుక్కుంటూ కొడవలి పట్టుకుని పోయాడు. నేను తలుపు మూసి గడియ పెట్టాను.

వెంటనే పొదుగు ముట్టుకోలేదు. అరగంట అన్నాడు కదా డాక్టరు, ఆ ఒక్క మాటకు మాత్రం ఆయనకు దండం పెట్టాలి. కాళ్ల తాళ్లు విప్పాను. బిడ్డను గడ్డి మీద మెత్తగా పడుకోబెట్టాను. బర్రె మెడ కింద గీరుతూ, చెవుల వెనక నెత్తురు తాగే గోమార్లు తీస్తూ, మా గుట్టల కింద పశువులను పిలిచే కూతలు చిన్నగా కూశాను. పేరు పెట్టి పిలిచాను. మొదట అది నన్ను నమ్మలేదు. ఎందుకు నమ్మాలి, ఇన్నాళ్లూ నేనెక్కడున్నాను! తర్వాత మెల్లగా తోలు వణకడం ఆగింది. పెద్దగా నిట్టూర్చింది. ఇంకాసేపటికి దవడ కదిలింది, నెమరు వెయ్యడం మొదలుపెట్టింది. పశువు నెమరేస్తుందంటే దాని లోపల భయం లేదన్నమాట. అప్పుడు దుడ్డెను విడిచాను. అది పొదుగును కుమ్మి కుమ్మి రెండు గుక్కలు తాగి మూతి నిండా నురగ చేసుకుంది. చన్నులు నిండి బిగుసుకున్నాయి. నేను చెంబు పెట్టుకుని, నుదురు దాని డొక్కకు ఆనించి పిండాను.

సగం చెంబు నిండేసరికి నా రవిక తడిసింది. మొదట బర్రె పాలు చిందాయనుకున్నాను. తర్వాత రెండో పక్క కూడా తడిసింది. పాలు జివ్వుమని దిగుతున్న ఆ పోటు, పుట్టింట్లో వదిలేసి వచ్చిన ఆ పోటు, మళ్లీ వచ్చింది. చెంబు పక్కన పెట్టి బిడ్డను ఎత్తుకున్నాను. అది తాగడానికి కూడా ఓపిక లేక ముందు నోరు ఊరికే తెరిచింది. నేనే రెండు చుక్కలు పిండి నోట్లో వేశాను. అప్పుడు పట్టుకుంది. మింగుతున్న చప్పుడు విన్నాను. నేను ఏడ్చాను, కానీ చప్పుడు చేయకుండా ఏడ్చాను, బర్రె బెదురుతుందని.

ఇక్కడితో కథ సుఖాంతం అనుకుంటే మీకు మా ఇల్లు తెలియదన్నమాట. నేను నిండిన చెంబుతో తలుపు తీస్తే బయట ఏమంటున్నారో తెలుసా? కొడవలి చూసినాకే బర్రెకు బుద్ధొచ్చిందని మేనమామ అందరికీ చెబుతున్నాడు. మొత్తానికి దిష్టి దిగిందని మా అత్తమ్మ చెబుతోంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినా అంతకంటే లాభముంటుంది. ఒక్కటి మాత్రం మారింది. నాకు భయపడిందో, డాక్టరు మాట ఇప్పుడు తలకెక్కిందో, కొట్టంలో ఎవరూ గొంతెత్తకూడదని మా అత్తమ్మ కట్టడి చేసింది. పాలు పిండే పని నాకే ఇచ్చింది. వచ్చినవాళ్లందరికీ నోటి మీద వేలు పెట్టి చూపించేది, బర్రె బెదురుతుంది, మెల్లగా మాట్లాడండని. అటు అని ఇటు తిరిగి, వంటింట్లో ఉన్న నా మీద గొంతు చించుకునేది. బర్రెకున్న మర్యాద నాకు లేదు. అత్త కోడలిని తిట్టడం దిష్టి కాదు కదా, పొగ రాదు కదా!

ఇంట్లో కూర్చుని పాలివ్వబోతే మళ్లీ మొదటి కథే. ఆమె వచ్చి ఎదురుగా కూర్చునేది, నా లోపల ఏదో బిగుసుకునేది, పాలు ఆగిపోయేవి. అందుకని పొద్దునా సాయంత్రం బర్రెను పిండాక, బిడ్డను అక్కడే రొమ్ముకు పెట్టుకోవడం మొదలుపెట్టాను. తర్వాత మధ్యాహ్నం కూడా అక్కడికే పోయేదాన్ని. ఆ ఇంట్లో ఎవరూ అరవకూడని జాగా అదొక్కటే. దోమలున్నాయి, పేడ వాసన ఉంది, అయినా అక్కడ పాలు దిగేవి. ఒక్కరోజులో వాగు పారలేదు కానీ, పిల్ల మాడు గుంట మెల్లమెల్లగా పూడింది.

ఒక సాయంత్రం మా అత్తమ్మ నన్ను వెతుక్కుంటూ కొట్టంలోకి వచ్చింది. గడ్డి మీద కూర్చుని బిడ్డకు పాలిస్తున్న నన్ను చూసి, ఇంట్లో జాగా లేదా, పశువుల మధ్య పడి ఇదేం కర్మ అని గొంతెత్తబోయింది. బర్రె తలెత్తి చూసింది. ఆమె సగం మాట మింగేసింది. గుసగుసగా తిట్టబోయింది. తిట్టి చూడండి గుసగుసగా, ఎంత కష్టమో తెలుస్తుంది.

“ఇంట్ల వస్తలేవు అత్తమ్మా. ఈడ వస్తున్నయి. ఈడ ఎవ్వలు ఒర్రరు.”

ఆమె నిలబడి పిల్ల మింగే చప్పుడు విన్నది. తర్వాత గోలెం పక్కన నాపరాయి మీద కూర్చుంది. బర్రె దిక్కు చూస్తూ చెప్పింది.

“నా పెద్ద కొడుకు పాలు లేకనే పోయిండు. మా అత్త పొద్దు మాపు మిరపకాయలు కాల్చేది. నా రొమ్ములు గూడ గట్లనే రాయిలెక్క ఉండేటియి.”

మా ఆయనకు ఒక అన్న ఉండి పోయాడని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. నాకు జాలి కలగాలి. కలిగింది కూడా. కానీ దానికంటే ముందు కోపం వచ్చింది. అంత పడ్డదానివి, నాకెందుకు అదే పొగ పెట్టావని నోటి దాకా వచ్చింది. మరి ఆమెకు వేరేది ఎవరు నేర్పారు? డాక్టరు రాలేదు, గడియ పెట్టుకోవడానికి కొట్టమూ లేదు. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం ఉంటుంది చూశారా, అది మిరపకాయ పొగ కంటే ఘాటు.

మరునాటి నుంచి నేను బిడ్డను ఎత్తుకుని కొట్టంలోకి పోతే, ఆమె బయట గడపలో కూర్చునేది. వత్తులు చేస్తున్నట్టో, చింతపండు ఒలుస్తున్నట్టో ఏదో పని పెట్టుకునేది. ఒకనాడు మా ఆయన డ్యూటీ దిగి వస్తూ, అన్నం పెట్టమని వాకిట్లోంచే కేకేశాడు. ఎప్పటిలాగే బర్రె బెదురుతుందని చెబుతుందనుకున్నాను.

“పిల్లతల్లి పాలిస్తున్నది రా. ఒర్రకు,” అన్నది మా అత్తమ్మ.

బర్రె పేరు ఎత్తలేదు. నా బిడ్డ బతికింది. ఆ ఒక్క మాట ఆ ఇంట్లో నేను అడుగుపెట్టిన రోజే ఎవరైనా అని ఉంటే పోయేదేముంది అని, ఇప్పటికీ నాకు కోపమే.